ప్రార్థనామందిరమా, పాఠశాలయా?

దేవుని యిల్లు ప్రార్థనకొఱకే గాని పాఠములకొఱకు గాదను మాట మన దేశమున నే మతమువారి నోటనైనను వినవచ్చును. దాని కెదురుమాట యొకటి యీ కాలమున బయలుదేఱినది. ప్రార్థన లెవరికి గావలెను? మందిరమున భాషయు, సంగీతమును, చరిత్రయు, పండుగల ముచ్చటలును నేర్పిన జాలును, సంస్కృతి యనగా నదియే యని. ఈ రెండుమాటలును పైకి బద్ధశత్రువులవలె గానవచ్చును గాని లోపల కవలపిల్లలు. రెండును ఆరాధనను చదువునుండి వేఱుచేయునవే. వేఱుచేసిన పిమ్మట నొకరు చదువును, మఱియొకరు ఆరాధనను గోడవెలుపలికి త్రోయుదురు. భేద మింతియే. ఈ యిరువురును మందిరమును పాడుచేయువారే యని చెప్పుటకు నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ వాదమును గాలిలో జేయదలపలేదు. ఒక నగరమును, ఆ నగరమందలి యొక చిన్న సమాజమును, వారి మందిరములను జూపి చెప్పదలచితిని. ఆ నగరము బొంబాయి, నేటి ముంబయి. ఆ సమాజమువారు బెనె ఇశ్రాయేలీయులని పిలువబడు మరాఠీ యూదులు. వారి గొడవ మన కేల యని చదువరులు విసుగుకొనకుందురుగాక. ఆ నగరమున యూదుల మందిరములు పెక్కు గల బైకలా, నాగపాడా ప్రాంతముల నానుకొనియే కామాఠీపురమున్నది. తెలుగుదేశమునుండి పోయి రాళ్లెత్తి యా నగరమును గట్టిన కామాఠీలవలననే యా పేటకు ఆ పేరు వచ్చినది. మనవారు తరతరములుగా ఆ గోడల ప్రక్కనుండియే పనికి బోయిరి. లోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనుట పొరుగువారికి దగినపనియే గదా!

తెలుగు బైబిలు చదివినవారికి సమాజమందిరమను పేరు క్రొత్తగాదు. హెబ్రీ భాషలో 'బేత్ క్నెసెత్' అందురు. జనులు కూడుకొను నిల్లని యర్థము. అచట విగ్రహము లేదు, బలిపీఠము లేదు. యెరూషలేము దిక్కునందలి గోడలో నొక మందసము. దానిలో తోలుకాగితములపై జేతితో వ్రాసిన ధర్మశాస్త్రపు చుట్టలు. మందసము ముంగల నారని దీపము. చదువువాడు నిలుచుటకొక వేదిక. సంపద యంతయు నింతియే. శుక్రవారము ప్రొద్దుగ్రుంకు వేళ విశ్రాంతిదినమును పాటలతో నాహ్వానింతురు. శనివార ముదయమున ప్రధానారాధన జరుగును. ఆ యారాధనకు నడిమి ఘట్టమేది? పఠనము. మందసమును దెఱచి, చుట్టను వెలికిదీసి, వేదికపై బఱచి యందఱు వినునట్లు చదువుదురు. మోషే ధర్మశాస్త్రము నేబదినాలుగు భాగములుగా జేసి వారము వారము చదివి యేడాదికి ముగింతురు. ముగించిన దినముననే మరల మొదటి మాటనుండి యారంభింతురు. చుట్టలో నచ్చులను దెలుపు గుర్తులుండవు, రాగమును దెలుపు గుర్తులు నుండవు. చదువువాడు వానిని ముందుగా నభ్యసించి రావలెను. ఒక్క మాట తప్పినచో వినువారు వెంటనే గట్టిగా సవరింతురు. ఇరువది యేండ్లుగా బడిలో పాఠము చెప్పుచున్నవాడను గనుక నడుగుచున్నాను: ఇది బడి గాక మఱేమి? విద్యార్థి చదువుచుండగా తరగతి యంతయు దిద్దుచుండు నింత మంచి బడి మనకెన్ని గలవు?

ఆరాధనయందు బడి యుండుట యాధునికుల కల్పన గాదు. బబులోను చెఱనుండి తిరిగివచ్చిన జనులయెదుట ఎజ్రా ధర్మశాస్త్రమును విప్పినప్పుడు లేవీయులు దాని భావమును జనులకు దెలియజెప్పిరని నెహెమ్యా గ్రంథమున గలదు. తరువాతి కాలమున హెబ్రీ మఱుగుపడి అరామేయము వాడుకభాష కాగా, చదువువాని ప్రక్కనే యొక భాషాంతరకర్త నిలిచి వాక్యము వాక్యమునకు నరామేయమున నర్థము చెప్పుట యాచారమయ్యెను. మూలము పవిత్రము, సంతభాష సోకిన నంటుపడునని వారు జంకలేదు. ప్రతివాడును ఇంటియొద్ద వారపు భాగమును రెండుమాఱులు మూలమునను, ఒకమాఱు భాషాంతరమునను చదువవలెనని వారి పెద్దలు విధించిరి. ఆ విధి నేటికిని బుస్తకములయందున్నది; పాటించు గృహస్థులును గలరు.

ఇంకొక సాక్ష్యము రాతిపైనే యున్నది. యెరూషలేమున 1913-14 సంవత్సరముల త్రవ్వకములలో నొక గ్రీకు శాసనము దొరకెను. రోమనులు ఆ నగరమును ధ్వంసముచేసిన క్రీస్తుశకము 70వ సంవత్సరమునకు బూర్వపుదని పండితులలో బెక్కురు తలంతురు. తెయోదోతు అను యాజకుడొకడు సమాజమందిరమును గట్టించెనట. ఎందుకొఱకు? ధర్మశాస్త్రమును చదువుటకు, ఆజ్ఞలను బోధించుటకు, దూరదేశమునుండి వచ్చినవారికి బస యిచ్చుటకు. ఆ పట్టికలో ప్రార్థన యను మాటయే లేదు! ప్రార్థన జరుగలేదని నా యర్థము గాదు. చదువున్నచోటికి ప్రార్థన పిలువకయే వచ్చునని శాసనకర్త తలచియుండును. పిలిచి నిలుపుకొనవలసినది చదువునే.

యూదుల ధర్మశాస్త్రజ్ఞులు తాల్ముదునందు ఇంకను ముందునకు బోయిరి. ప్రార్థనామందిరమును విద్యామందిరముగా మార్చవచ్చును; విద్యామందిరమును ప్రార్థనామందిరముగా మార్చరాదని నిర్ణయించిరి. పవిత్రతయందు మెట్టెక్కవచ్చును గాని దిగరాదని వారి న్యాయము. అనగా మెట్లలో పైది చదువు. వెనిసు నగరపు యూదులు తమ మందిరమును 'స్కోలా' యనిరి. జర్మనీ, పోలెండు దేశములవారు 'షూల్' అనిరి. ఈ రెండు మాటలకును బడి యనియే యర్థము. పాఠములు మందిరమునకు మైలయని చెప్పువారు మందిరమునకు వారి పూర్వులు పెట్టిన పేరునైన నడిగి చూడలేదు.

ఇక బొంబాయికి వత్తము. బెనె ఇశ్రాయేలీయుల చరిత్రయే నా పక్షమున ముఖ్యసాక్షి. కొంకణతీరమున నోడ పగిలి బ్రతికి బయటపడిన యేడు దంపతులు తమ మూలపురుషులని వారి యైతిహ్యము. శతాబ్దములు గడచెను. మాటలాడునది మరాఠీ, చాలమందికి జీవనము నూనెగానుగ. శనివారమున గానుగ కట్టరు గనుక పొరుగువారు వారిని 'శనివార్ తేలీ' లని, శనివారపు గాండ్లవారని పిలిచిరి. వారికి గ్రంథములు లేవు. హెబ్రీ రాదు. సున్నతియు, విశ్రాంతిదినమును, ఆహారనియమములును, దేవు డొక్కడేయని చాటు 'షెమా' వాక్యమును మాత్రము మిగిలినవి. పెండ్లికి నదియే మంత్రము, పురిటికి నదియే, చావునకు నదియే.

ప్రార్థనయే చాలును, చదువేల యనువా రీ యుదాహరణమును గొంచెము నిదానించి చూడవలెను. చదువు పోయినపిమ్మట ప్రార్థన యెంత మిగులునో చరిత్రయే తూచి చూపినది: ఒక్క వాక్యము! ఆ వాక్యమే వారిని గాపాడెను గదా యని ప్రతిపక్షి యనవచ్చును. కాపాడెను, నిజమే. కరవుకాలమున గాదెలో మిగిలిన గుప్పెడు విత్తనమునకు మ్రొక్కవలసినదే. కాని వాన కురిసిన తరువాత గూడ దున్నక, విత్తక, ఆ గుప్పెడు గింజలకే పసుపుకుంకుమలు పెట్టి కూర్చుండువానిని కాపనవచ్చునా?

బెనె ఇశ్రాయేలీయు లట్లు కూర్చుండలేదు. 1796లో సామ్యూలు యెహెజ్కేలు దివేకరను సైనికోద్యోగి బొంబాయిలో వారి మొదటి మందిరమును గట్టించెను. దానిని వారు మశీదని పిలిచిరి. ఆ పేరే నేటి మస్జిదు రైలుస్టేషనునకు వచ్చినదని చెప్పుదురు. గోడలు లేచినవి గాని లోపల చదువువా రేరీ? కొచ్చి యూదులు వచ్చి యాచార్యులైరి. స్కాట్లండు మిషనరీ జాన్ విల్సను 1832లో మరాఠీయులకొఱకు హెబ్రీ వ్యాకరణము నచ్చువేసెను. మిషనరీలయొద్ద జదివినచో బిల్లలు మతము మార్చుకొందురను భయ మెవరికి గలుగదు? వారు చదివిరి. వ్యాకరణమును దీసికొనిరి; జ్ఞానస్నానమును మిషనరీలకే విడిచిరి. మతము మారినవారు బహుస్వల్పము. ఆ వ్యాకరణముతోనే వారు తమ ప్రార్థనలను దాము తిరిగి చదువుకొనిరి. పరాయివాని దీపముతోనైనను తన యింటి చీకటిని బోగొట్టుకొనవచ్చునని వారు చూపిరి.

అటుపిమ్మటి పని యంతయు బడిపంతుళ్లది. జోసెఫు ఎజెకియేలు రాజ్‌పుర్‌కర్ (1834-1905) బొంబాయిలో డేవిడ్ ససూన్ స్థాపించిన పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై చాల యేండ్లు పనిచేసి, హెబ్రీ ప్రార్థనాగ్రంథములను మరాఠీలోనికి దెచ్చెను. హయీము సామ్యూలు కెహిమ్‌కర్ 1875లో తన జనులకొఱకు బడి పెట్టెను. అదే కాలమున మఱియొక విచిత్రము జరిగెను. మహారాష్ట్రమున హరిదాసులు నిలిచి పాడి కథచెప్పు కీర్తనపద్ధతిని జూచి, యూదులును అబ్రాహాము, యోసేపు, మోషేల కథలను మరాఠీ కీర్తనలుగా గట్టి పాడసాగిరి. తాత ముత్తాతలు విననైన వినని ధర్మశాస్త్రకథలు ఇల్లాండ్ర చెవులకును, బిల్లల చెవులకును బడినవి. ఇతర మతమువారి పద్ధతి మన మందిరమున కేల యని వా రనియుండినచో నా కథలు తోలుచుట్టలలోనే నిద్రించియుండును.

1925లో నింకొక యడుగు పడెను. వైద్యవిద్యకై లండనునకు బోయి, అచట నుదారవాద యూదసంఘమువారి యారాధనలను జూచివచ్చిన డాక్టరు జెరూషా జిరాద్, బొంబాయిలో యూదమత సంఘము నొకదానిని నెలకొల్పెను. స్త్రీపురుషు లొక్కచో గూర్చుండుట, తెలిసిన భాషలో ప్రార్థించుట, ప్రార్థనతో నుపన్యాసము వినుట దాని పద్ధతి. ఆమె పేరుగాంచిన ప్రసూతివైద్యురాలు. 1966లో పద్మశ్రీ పొందెను. వేలకొలది బిడ్డలను భూమిమీదికి దెచ్చిన చేతులు ధర్మశాస్త్రపు చుట్టను దాకరాదనుటకు నెవరికి నోరాడును? ఐనను నేటికిని చాల మందిరములలో స్త్రీలు వేఱుగనే కూర్చుందురు. ఆరాధనకు వలసిన పదిమంది లెక్కలో వారు చేరరు. జనసంఖ్య తఱుగుచున్న కాలమున సగము జనులను లెక్కనుండి తీసివేయుట యే గణితమో నాకు బోధపడదు.

ఇప్పుడు ప్రతిపక్షుల యాక్షేపణలను వరుసగా విందము. మొదటిది: మంత్రమునకు శక్తి శబ్దమునందున్నది, అర్థము చెప్పి దానిని పలుచన చేయరాదు. యూదులకు దీనిని జెప్పిన చెల్లదు. షెమాను, నిత్యప్రార్థనను, భోజనానంతర స్తుతిని ఏ భాషలోనైనను జెప్పవచ్చునని వారి మిష్నా గ్రంథమే యనుమతించినది. చనిపోయినవారి పేర బిడ్డలు చెప్పు 'కద్దీష్' ప్రార్థన హెబ్రీ గాదు, అధికభాగము అరామేయము; అనగా నొకనాటి వాడుకమాట. సంస్కృతము చదివినవారికి నీ యాక్షేపణ పాతదే. మంత్రముల కర్థములేదని కౌత్సు డనెను. నిరుక్తమున యాస్కుడు వానిని ఖండించి, అర్థమెఱుగక వేదము చదువువానిని బరువు మోయువానితో బోల్చెను. రెండువేల యేండ్లకు పైబడి యీ తగవు తీఱియున్నది. ఓడినవాని పక్షమును నేడు సనాతనమని పిలుచుచున్నాము.

రెండవ యాక్షేపణ: పాఠములు పెట్టినచో బిల్లలు ప్రశ్నలడుగుదురు, ప్రశ్నలనుండి సందేహములు పుట్టును. పుట్టనిండు! తాల్ముదు పుట యొకటి చూచినవా రీ మాట యనరు. పుట నిండ వాదప్రతివాదములే. ఓడిపోయిన పండితుని యభిప్రాయమును గూడ వారు తుడిచివేయక, గెలిచినవాని ప్రక్కనే వ్రాసి యుంచిరి. హిల్లేలు శిష్యులకును షమ్మాయి శిష్యులకును జరిగిన వివాదములను నేటికిని బిల్లలు చదువుచున్నారు. పస్కా పండుగనాటి రాత్రి భోజనపంక్తిలో నందఱికన్న చిన్నవాడు ప్రశ్నలడుగనిదే కథయే సాగదు. ప్రశ్నకు భయపడు నారాధన ఆ మతమున కెన్నడును స్వంతముగాదు.

మూడవ యాక్షేపణ కొంత బరువైనది. పాఠములు, ప్రదర్శనములు పెట్టి యితరులను బిలిచినచో మందిరము వేడుకస్థలమగును, అపాయమును గలుగును. ఈ భయమును నేను తేలికగా ద్రోసివేయను. 2008 నవంబరు 26నాటి దాడులలో బొంబాయి నరిమన్ హౌసునందలి యూదకేంద్రమున రబ్బీయు, ఆయన భార్యయు, అతిథులును జంపబడిరి. ఆ దినమునుండి మందిరముల ద్వారములయొద్ద గుర్తింపుపత్రము లడుగుట, సంచులు వెదకుట యుచితమే; దానిని దప్పుబట్టువాడు మూఢుడు. కాని వాకిటికి గావలి యుండవలెను గాని తెలివికి గాదు. తన పొరుగున నున్నవా రెవరో, శనివారమున నేమి చదువుచున్నారో, ఏలీయా ప్రవక్త పేర నటుకులు, కొబ్బరి, పండ్లు పళ్లెరమున నుంచి 'మలీదా' యను మ్రొక్కు నేల తీర్చుచున్నారో తెలిసిన పొరుగువాడు ఆపత్కాలమున నడ్డు నిలుచును. తెలియనివాడు తలుపు మూసికొనును. పండుగ ముచ్చటలను బరులకు దెలుపు పాఠములు ఈ విధమున రక్షణపు బనియే చేయుచున్నవి.

ఇంతవఱకు పూర్వాచారపరుల కుత్తరము చెప్పితిని. ఇక సంస్కృతియే చాలుననువారి వంతు. వీరు మృదుభాషులు, ప్రార్థన నిషేధింపవలెనని యెన్నడు ననరు. ఎవ్వరును రాకున్నను విచారపడనక్కఱలేదని మాత్ర మందురు. భవనము చక్కగా బాగుచేసి, పాటకచేరి పెట్టి, వంటలు చూపి, యాత్రికులను రప్పించిన మందిరము బ్రతికియే యున్నదని వీరి మతము. వీరిని నేను కొచ్చికిని, గలకత్తాకును దీసికొనిపోదును.

కొచ్చిలో 1568 నాటి పరదేశి మందిరమున్నది. క్రింద చీనాదేశపు నీలి పలకలు, పైన గాజు దీపవృక్షములు. చూడ వచ్చువారు టిక్కెట్టు కొని లోపలికి బోయి మెచ్చుకొని వత్తురు. స్థానికులు మాత్రము 1948 తరువాత నించుమించుగా నందఱును వలసపోయిరి; యాత్రికులలో యూదులు కలిసినగాని ప్రార్థనకు పదిమంది నిండరు. గలకత్తాలో 1884 నాటి మాగెన్ డేవిడ్ మందిరము గోపురముతో, స్తంభములతో రాజభవనమువలె నున్నది. బాగుచేసి 2017లో తెఱచిరి. తరతరములుగా ముస్లిం కుటుంబములవారే దానిని దుడిచి, దీపములను గాచి, భక్తితో గాపాడుచున్నారు. వారికి నా నమస్కారము. కాని రెండవ ప్రపంచయుద్ధకాలమున వేలకొలదిగా నున్న యూదులు నేడు వ్రేళ్లపై లెక్కింపదగియున్నారు. దీపములున్నవి, చుట్టను విప్పువారు లేరు. ఆ రెండు నగరములందును జనులు వలసచేత దఱిగిరి. అది యెవరి దోషమును గాదు. నేను జూపదలచినది దోషమును గాదు, పోలికను. సంస్కృతివాదులు జీవించియున్న మందిరమునకు గోరునది యేదియో, ఆ రెండు మందిరములకు విధివశమున నదియే ప్రాప్తించినది. భవనము, సొగసు, చరిత్ర, చూపఱులు అన్నియు నున్నవి. లేనిది పదిమంది చేయు ప్రార్థన. బ్రతికియున్న మనుష్యునికి చిత్రపటపు గతి పట్టవలెనని కోరు స్నేహము మంచి స్నేహమా?

ప్రార్థన లేని చదువునకు వేళయు నుండదు, కర్తవ్యము నుండదు. వాన కురిసిన మానవచ్చును, వేఱొక వినోదమున్న మానవచ్చును. శనివారపు పఠనమునకు వరుస వచ్చిన బాలుడు మానలేడు. చుట్ట యతనికొఱకు వేచియుండును, పదిమంది వేచియుందురు. చదువును వాయిదా వేయనీయని బలమే యారాధన. మఱియు విశ్రాంతిదినమున వ్రాయుట నిషిద్ధము గనుక, ఆ దినమున మందిరమున జరుగు పాఠములకు పలక, కలము లుండవు. విన్నదానిని మనస్సులో నుంచుకొని యింటికి బోయి భోజనమువద్ద జెప్పుకొనవలసినదే. అచ్చుకాగితములు పంచి, అవి చదువబడినవని లెక్కవ్రాసికొను మా బళ్ల కీ నియమము వారమున కొకనాడైన నుండదగును.

ఇది పండితుల వినోదవాదము గాదు, మనుష్యుల బ్రతుకులతో బనిగలది. ఇశ్రాయేలు దేశమునకు వలసపోయిన బెనె ఇశ్రాయేలీయులకు 1960 తరువాతి సంవత్సరములందు పెండ్లిండ్ల విషయమున అచ్చటి ప్రధాన రబ్బీలు చిక్కులు పెట్టిరి. మీ పూర్వు లెవరు, మీ వివాహవిధు లెట్టివి, మీరు మాతో సంబంధమాడ దగుదురా యని ప్రశ్న. తరతరములుగా గానుగను శనివారమున నాపినవారి నోట నీ ప్రశ్నకు సమాధానము కోరిరి! వారు వీథులలో గూర్చుండి నిరసన తెలిపిరి. తుదకు 1964లో నా దేశపు శాసనసభ వా రన్నివిధముల దక్కిన యూదులతో సమానులని తీర్మానించెను. అట్టి దినమున ప్రార్థనమాత్ర మెఱిగినవాడు కన్నీరు పెట్టగలడు. పాటకచేరిమాత్ర మెఱిగినవాడు పాడగలడు. తానెవరో చెప్పగలవాడు తన చరిత్రను, విధిని చదివినవాడే. కెహిమ్‌కర్ తన జనుల చరిత్రను 1897లోనే వ్రాసి ముగించెను. అది అచ్చుపడినది 1937లో, ఆయన మరణించిన చాల యేండ్లకు. నలువదేండ్లు ఆ వ్రాతప్రతి యచ్చుయంత్రముకొఱకు వేచియుండెను! మందిరములకు పాలఱాయి దొరకినంత సులభముగా బడిపంతులు వ్రాసిన పుస్తకమునకు గాగితము దొరకదు.

ఈ మాట బొంబాయి యూదులకు మాత్రమే తగులునని చదువరులు తలంపరాదు. గోడకు బేరు చెక్కింతుమన్న నూరుగురు దాతలు లేతురు. ఆదివారమున బిల్లలకు హెబ్రీయో, సంస్కృతమో, అరబ్బీయో యర్థముతో జెప్పు గురువునకు నెల జీతమిత్తుమని లేచువాడు పదిమందిలో నొకడుండడు. జీతమునకు బలక చెక్కరు గదా! నా కోరిక లెక్కువవి గావు. ప్రతి మందిరమున మూలముతో బాటు జనుల భాషలో నర్థము వినబడవలెను. ఆడుపిల్లకు మగపిల్లవానితో సమముగా చుట్ట చదువుట నేర్పవలెను. వృద్ధస్త్రీలకు జ్ఞప్తియందున్న మరాఠీ పాటలను, కొచ్చి స్త్రీలు చేతివ్రాత పుస్తకములందు దాచిన మలయాళ గీతములను వేడుకకు గాక పాఠ్యముగా నుంచవలెను. దీపస్తంభమున కెంత వెచ్చించిరో గురువునకును నంత వెచ్చింపవలెను. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వము యూదులను అల్పసంఖ్యాకవర్గముగా గుర్తించినది. దేశమంతట నైదువేలలోపుననున్న యా జనులకు ఆ గుర్తింపు మేలుచేయును. కాని పదియవ మనిషిని దయారుచేయునది ప్రభుత్వపు టుత్తరువు గాదు, బడియే.

ఈ కథకు మన గడపయందే యొక శాఖ యున్నది. గుంటూరు సీమలో చేబ్రోలునకు జేరువనున్న కొత్తరెడ్డిపాలెమున, తాము ఎఫ్రాయీము గోత్రపు ఇశ్రాయేలీయులమని చెప్పుకొను తెలుగు కుటుంబములు కొన్ని గలవు. 1990 తరువాత నచట నొక చిన్న సమాజమందిరము వెలసెను. వారు విశ్రాంతిదినమును బాటించుచు హెబ్రీ నేర్చుకొనుచున్నారు. వారు మాదిగ కుటుంబములనుండి వచ్చినవారని వారినిగుఱించి పరిశోధనచేసి 2013లో గ్రంథము వ్రాసినవారు చెప్పిరి. వారి వంశవాదము నిజమా కాదా యని తేల్చుట నా పనిగాదు. కూలిజనులకు హెబ్రీ యెందుకని నవ్వువారితోనే నాకు బని. వేదము వినరాదని చెవులు మూసినవారి మనుమలు, ఆ చెవులే నేడు వేఱొక శాస్త్రమును మూలభాషలో వినబోగా నవ్వుచున్నారు! శాస్త్రమును జదివి, యర్థము తెలిసికొని, తన నోట దాను ప్రార్థింపవలెనను కోరిక యెవరికి గలిగినను అది మనుష్యుని మర్యాద.

చదువరులారా, రేపు మీ యింట నొక పూజయో, పెండ్లియో, ప్రార్థనాకూటమో జరుగును. చదువువాడు చదువును, మీరు తలయూపుదురు. ఆ నాడు మీ యింటి పదియేండ్ల బాలిక "దీని యర్థమేమి?" యని యడిగినచో దానిని గదమాయించి లోపలికి బంపకుడు. పురోహితుని గాని, పాదిరిని గాని, మౌల్వీని గాని యచ్చటనే నిలిపి యర్థము చెప్పింపుడు. ఆయనకు రాకున్నచో, వచ్చినవానిని వెదకి పిలిచి జీతమిచ్చి నిలుపుకొనుడు. ఆ పిల్ల ప్రశ్నకు సమాధానము దొరకువఱకు పూజ ముగిసినట్లు గాదు.